ఎవరి తట్టు?



పోయినసారి గోడపత్రికలో మా ఊరి జాతర గురించి రాస్తే బాగుందన్నారు. ఈసారి కమిషను గురించి రాస్తానంటే నా పక్క బెంచీ అమ్మాయి నవ్వేసింది. "తెలుగు గోడపత్రికలో బ్రోకర్ల గోలేమిటే?" అంది. గోలే, కాదనను. కానీ ఈ గోల మా ఇంట్లో ఒకే ఏడాదిలో రెండుసార్లు జరిగింది. ఒకసారి మా అవ్వ దళారి చేతిలో మోసపోయింది. ఇంకోసారి మా చిన్నాయన దళారిగా పని చేసి మోసపోయాడు. ఒకే ఇంట్లో రెండు వైపులా చూశాక, దళారి మనకేం బాకీ, మనం దళారికేం బాకీ అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. లా చదువుతున్న మా అత్త కూతురి పుస్తకాలు తెచ్చుకుని, అర్థం కానిచోట ఆమెనే అడిగి, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఇది మనకెందుకు అనుకోకండి. బెంగుళూరులో రూము వెతుక్కున్నవాళ్ళు ఇప్పటికే ఒక నెల అద్దె బ్రోకరు చేతిలో పెట్టే ఉంటారు. రేపు స్థలమో ఇల్లో కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఇంకా పెద్ద మొత్తం పెడతాం. ఆ డబ్బు దేనికిస్తున్నామో తెలిసి ఇవ్వడం మంచిది కదా.

మా ఇంట్లో జరిగింది

మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం, చదువుకు, ఉద్యోగానికి బెంగుళూరు. మా దిక్కు ఇళ్ళన్నీ ఇంతే. అవ్వ తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివింది. తమిళం గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. రిజిస్ట్రేషను పత్రాలన్నీ తమిళంలో ఉంటాయి. కాబట్టి ఆ కాగితాల్లో ఏముందో ఎవరో ఒకరు చెబితేనే ఆమెకు తెలిసేది.

తాత పోయాక అప్పులు తీర్చడానికి ఇంటి పక్కనున్న మూడు సెంట్ల స్థలం అమ్మాలనుకుంది. మా చిన్నాయనే చిన్నాచితకా బ్రోకరు పని చేస్తాడు. కానీ ఆయన వద్దన్నాడు. "నేను అమ్మిపెడితే తక్కువకిచ్చినాడని రేపు అన్నదమ్ములు అంటారు, బయటివాళ్ళకే చెప్పు" అన్నాడు. అందుకని మా వీధిలోనే ఉండే ఒకాయనకు అప్పజెప్పింది. ఆయన ఇరవై ఏళ్ళుగా తెలిసినవాడు, అవ్వను 'అత్తా' అని పిలుస్తాడు. కమిషను రెండు శాతం అని నోటిమాట.

నెల తిరిగేసరికి ఆయన బేరం తెచ్చాడు. "22 లక్షలకు మించి ఎవరూ రారత్తా, ఇది వదిలితే మళ్ళీ దొరకదు" అన్నాడు. అవ్వ సరేనంది. రిజిస్ట్రేషను అయింది. 44,000 రూపాయల కమిషను లెక్కపెట్టి ఇచ్చింది, పైన పంచె కూడా పెట్టింది.

ఆరు నెలల తర్వాత ఒక పెళ్ళిలో ఆ స్థలం కొన్నామె అవ్వ పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడుతూ అసలు సంగతి చెప్పేసింది. వేరే పార్టీ 24 లక్షలకు సిద్ధంగా ఉన్నారట. మాకు లక్ష ఇవ్వండి, ముసలామెను 22కే ఒప్పిస్తానని ఆయన వీళ్ళతో అన్నాడట. వీళ్ళు ఇచ్చారు. ఆమె దాన్ని మోసమనుకోలేదు, బ్రోకరు ఫీజే అనుకుంది. లెక్క చూడండి. కొన్నవాళ్ళకు లక్ష మిగిలింది. ఆయనకు రెండు వైపులా కలిపి లక్షా నలభై నాలుగు వేలు వచ్చింది. అవ్వకు రెండు లక్షలు పోయింది. పోయిందన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

అవ్వ ఇంటికొచ్చి ఆయన్ను పిలిపించింది. కాఫీ ఇచ్చింది. తాగిందాకా ఆగి ఒకటే అడిగింది: "నువ్వు ఎవరి తట్టు మాట్లాడితివిరా?"

ఆయన ఏదేదో చెప్పాడు గానీ ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

అదే ఏడు మా చిన్నాయనకు ఇంకో రకంగా జరిగింది. ఒకాయన తన ఇల్లు 60 లక్షలకు అమ్మిపెట్టమన్నాడు, ఒక శాతం ఇస్తానన్నాడు. చిన్నాయన ఒక టీచరు దంపతులను తీసుకెళ్ళి నాలుగుసార్లు ఇల్లు చూపించాడు. వాళ్ళు అడిగిన కాగితాల నకళ్ళన్నీ తిరిగి తెచ్చిపెట్టాడు. బేరం కుదిరే వేళకు ఇంటాయన "ఇప్పుడు అమ్మే ఆలోచన మానుకున్నాం" అన్నాడు. నాలుగు నెలలకు అదే దంపతులకు అదే ఇల్లు రిజిస్టరు అయింది. అడిగితే "వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, నీకెందుకివ్వాలి?" అన్నాడు. ఆ 60,000 చిన్నాయన కూతురి కాలేజీ ఫీజుకని లెక్కేసుకున్న డబ్బు.

మన సామెతల్లో ఈ రెండింటికీ చెరో మాట ఉంది. మొదటిది కంచే చేను మేయడం. రెండోది ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సామెతలు తప్పు ఎవరిదో చెబుతాయి. మరి చట్టం ఏం చెబుతుందో చూద్దాం.

చట్టం దృష్టిలో దళారి ఎవరు?

మన దేశంలో దీనికి ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అందులో పదో అధ్యాయం, 182వ సెక్షను నుంచి 238 దాకా, మొత్తం ఏజెన్సీ గురించే. ఒకరి తరపున పని చేయడానికో, మూడోవాళ్ళతో వ్యవహరించడానికో పెట్టుకున్న మనిషి ఏజెంటు. ఆ పని అప్పజెప్పినవాళ్ళను నేను ఇక్కడ యజమాని అంటాను.

ముందు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఈ సంబంధం ఏర్పడడానికి కాగితం ఉండి తీరాలని లేదు. నోటిమాటతోనూ ఏర్పడుతుంది, నడుచుకున్న తీరును బట్టి కూడా ఏర్పడుతుంది. రెండు, డబ్బు చేతులు మారకముందే బాధ్యత మొదలవుతుంది. ఏజెన్సీ ఏర్పడడానికి ప్రతిఫలం అవసరం లేదని 185వ సెక్షను చెబుతుంది. "నాకింకా కమిషనే ఇవ్వలేదు, నాకేం బాధ్యత?" అనడానికి వీల్లేదన్నమాట.

ఇంకో సంగతి. ఇళ్ళూ స్థలాల బ్రోకరు పని మామూలుగా పార్టీని వెతికి తేవడం, బేరం నడపడం. అంతమాత్రాన మన తరపున అమ్మకపు ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారం ఆయనకు రాదు. అది మనం ప్రత్యేకంగా ఇస్తేనే ఉంటుంది.

నమ్మకం వల్ల వచ్చే బాధ్యత

ఇంగ్లీషులో ఫిడ్యూషియరీ బాధ్యత అంటారు. ఆ మాట లాటిన్‌లో నమ్మకం అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. నేను దీన్ని నమ్మకపు బాధ్యత అంటాను. కూరగాయలు అమ్మేవాళ్ళు తమ లాభం తాము చూసుకుంటారు. అది తప్పు కాదు, మనకూ తెలుసు, అందుకే బేరమాడతాం. ఏజెంటు దగ్గర అలా బేరమాడుతూ కూర్చోం. మన అవసరమెంతో, ఎంతకు దిగుతామో, ఎందుకమ్ముతున్నామో అన్నీ ఆయనకు చెప్పేస్తాం. మన గుట్టు ఆయన చేతిలో ఉంటుంది. కాబట్టి ఆయన తన లాభం కంటే మన లాభం ముందు చూడాలి. మొత్తం బాధ్యతంతా ఇందులోనే ఉంది.

చట్టం దీన్ని కొన్ని ముక్కలుగా విడదీసి చెప్పింది. యజమాని చెప్పినట్టు నడుచుకోవాలి. ఆ పనికి తగ్గ నేర్పుతో, శ్రద్ధతో చేయాలి. అశ్రద్ధ వల్ల నేరుగా నష్టం వస్తే భరించాలి. అడిగినప్పుడు లెక్క చెప్పాలి. చిక్కు వచ్చినప్పుడు యజమానికి తెలియజేసి ఏం చేయమంటారో అడగాలి. యజమాని పేరు మీద వచ్చిన డబ్బు, తనకు న్యాయంగా రావలసింది మినహాయించుకుని, యజమానికి అప్పజెప్పాలి. ఇవి 211 నుంచి 218 దాకా ఉన్న సెక్షన్ల సారం.

ఆ చట్టంలో నాకు నచ్చిందేమిటంటే సెక్షన్ల కింద చిన్న చిన్న ఉదాహరణలున్నాయి. చదువుతుంటే పిట్టకథల్లా ఉంటాయి. 215వ సెక్షను కింద ఉన్న కథ ఇది. ఒకాయన తన భూమి అమ్మిపెట్టమని ఏజెంటుకు చెప్పాడు. ఏజెంటు వెళ్ళి చూస్తే ఆ భూమిలో గని ఉంది. యజమానికి ఆ సంగతి తెలియదు. ఏజెంటు గని మాట దాచి, "ఈ భూమి నేనే కొనుక్కుంటా" అన్నాడు. యజమాని ఒప్పుకున్నాడు. తర్వాత నిజం తెలిస్తే యజమాని ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు, కావాలంటే ఉంచుకోవచ్చు. నేనే కొంటున్నానని ఏజెంటు బయటికే చెప్పాడు కదా, అయినా సరిపోలేదు. తెలిసిన ముఖ్యమైన సంగతి దాచడమే తప్పు.

216 కింద ఇంకో కథ. ఫలానా ఇల్లు నాకు కొనిపెట్టమని ఏజెంటుకు చెబితే, అది దొరకదని చెప్పి తానే కొనుక్కున్నాడు. యజమానికి తెలిశాక, ఏజెంటు కొన్న ధరకే ఆ ఇల్లు తనకు అమ్మమని పట్టుబట్టవచ్చు. యజమాని పని మీద తిరుగుతూ ఆయనకు తెలియకుండా ఏజెంటు సొంతానికి సంపాదించుకున్న లాభాన్ని యజమాని అడగవచ్చన్నమాట.

ఈ కథలు చదువుతుంటే నాకు మా వీధి ఆయనే గుర్తొచ్చాడు.

రెండు చేతులా కమిషను

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. మన ఊళ్ళలో బ్రోకరు అమ్మినవాళ్ళ దగ్గరా కొన్నవాళ్ళ దగ్గరా కమిషను తీసుకోవడం మామూలే. అది దానంతట అదే నేరం కాదు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుంటే తీసుకోవచ్చు. ఒకరికి తెలియకుండా తీసుకున్నప్పుడే అది మోసం. తెలియడమూ తెలియకపోవడమూ, అంతా అక్కడే ఉంది.

1903లో ఇంగ్లండులో ఆండ్రూస్, రామ్సే అనే ఇద్దరి మధ్య నడిచిన కేసు దీనికి బాగా పేరుపడింది. ఆస్తి అమ్మిపెట్టినందుకు ఏజెంటుకు 50 పౌండ్ల కమిషను అని మాట. ఆయన యజమానికి తెలియకుండా కొన్నతని దగ్గర ఇంకో 20 పౌండ్లు తీసుకున్నాడు. అది బయటపడ్డాక ఆ 20 యజమానికి కట్టాల్సి వచ్చింది. యజమాని అంతటితో ఆగలేదు. నేనిచ్చిన 50 కూడా వెనక్కివ్వమన్నాడు. కోర్టు ఇప్పించింది. కారణం సూటిగా ఉంది. నిజాయితీగా పని చేసే ఏజెంటును పొందడం యజమాని హక్కు, కమిషను అలాంటి ఏజెంటుకే. దొంగచాటు సొమ్ము వెనక్కి కట్టినంత మాత్రాన పోయిన నిజాయితీ తిరిగిరాదు.

మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది 220వ సెక్షను. ఏజెంటు తన పనిలో ఏ భాగంలో తప్పుగా నడుచుకున్నాడో ఆ భాగానికి ప్రతిఫలం అడిగే హక్కు ఆయనకు లేదు. దాని కింద ఉదాహరణ: లక్ష రూపాయలు వసూలు చేసి మంచి హామీ మీద పెట్టమని ఏజెంటుకు చెప్పారు. లక్షా వసూలు చేశాడు, 90,000 సరిగానే పెట్టాడు. మిగిలిన 10,000 మాత్రం పనికిరాని హామీ మీద పెట్టాడు, అది పనికిరాదని ఆయన గ్రహించి ఉండాల్సింది. దానివల్ల యజమానికి 2,000 నష్టం. వసూలుకూ 90,000కూ ప్రతిఫలం వస్తుంది, ఆ 10,000కు రాదు, పైగా 2,000 తానే కట్టాలి. చేసిన మంచి పనికి కూలి పోదు, చెడగొట్టిన పనికి కూలి లేదు.

తప్పులన్నీ ఒకటే రకం కాదు కూడా. 1927 నాటి కెపెల్, వీలర్ కేసులో ఏజెంట్లు 6,150 పౌండ్ల బేరం తెచ్చారు. యజమాని సరేనన్నాడు గానీ ఇంకా కట్టుబడే ఒప్పందం కాలేదు. ఆలోగా ఇంకొకరు 6,750 ఇస్తామన్నారు. ఏజెంట్లు తమ పని అయిపోయిందనుకుని ఆ మాట యజమానికి చెప్పలేదు. కోర్టు ఆ తేడాను నష్టపరిహారంగా కట్టమంది. కానీ వాళ్ళది దురుద్దేశం కాదు, పొరపాటు అని చెప్పి కమిషను మాత్రం రావాల్సిందేనంది. ఒప్పందం ఖాయమయ్యేదాకా వచ్చిన ప్రతి బేరమూ యజమానికి చెప్పాలన్నది ఇందులో మనం నేర్చుకోవలసింది.

ఇవి ఇంగ్లండు కేసులు. వాటి తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు. అయితే మన కాంట్రాక్టు చట్టం ఆ న్యాయసూత్రాల మీదే రాసింది కాబట్టి ఇక్కడి పుస్తకాల్లోనూ వాటిని చెబుతారు.

ఇప్పుడు అవ్వ సంగతి చూడండి. 24 లక్షల బేరం ఆమెకు చెప్పలేదు, అది ఒక తప్పు. లక్ష చాటుగా తీసుకున్నాడు, అది రెండో తప్పు. ఇది కెపెల్ కేసులో లాంటి పొరపాటు కాదు, తెలిసి చేసిందే. ఆయన తీసుకున్న 44,000 వెనక్కి అడగడానికి, ఆ లక్ష అడగడానికి, పోయిన రెండు లక్షలకు పరిహారం అడగడానికి అవ్వకు దారి ఉంది. దావా వేయడానికి ఇలాంటి వాటికి సాధారణంగా మూడేళ్ళ గడువు. మోసం దాచిపెట్టిన చోట ఆ గడువు మోసం బయటపడ్డ రోజు నుంచి లెక్క.

కమిషను ఎప్పుడు హక్కు అవుతుంది?

ఇక చిన్నాయన వైపుకు వద్దాం. దళారిని అనుమానించడం ఎంత తేలికో దళారి శ్రమను మింగేయడమూ అంత తేలికే. ఆయన పెట్రోలు, ఆయన ఫోను, ఆయన ఎండ. బేరం కుదరకపోతే ఒక్క పైసా రాదు.

219వ సెక్షను ప్రకారం వేరే ఒప్పందం లేనప్పుడు, అప్పజెప్పిన పని పూర్తయితేనే ప్రతిఫలం రావాలి. పని అంటే ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. పార్టీని తేవడమా, అడ్వాన్సు ఒప్పందమా, రిజిస్ట్రేషనా? ఇది పూర్తిగా మనం అనుకున్న మాటల మీద ఆధారపడుతుంది. రెండు కేసులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మొదటిది ఇంగ్లండులో 1941 నాటి లక్సర్ కేసు. సినిమా హాళ్ళ అమ్మకం. అమ్మకం పూర్తయితే 10,000 పౌండ్లు ఇస్తామని మాట. ఏజెంటు కొనేవాళ్ళను తెచ్చాడు, వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. యజమానులు అమ్మకం మానుకున్నారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిషను లేదంది. పూర్తయితేనే అని ఒప్పుకున్నాక, యజమాని మనసు మార్చుకునే ప్రమాదం కూడా ఏజెంటు నెత్తినే ఉంటుందని ఆ తీర్పు.

రెండోది మన సుప్రీంకోర్టుది, 1950లో వచ్చిన అబ్దుల్లా అహ్మద్ కేసు. 1943లో కలకత్తాలో ఒక ఇంటి యజమాని బ్రోకరుకు నెల గడువుతో కాగితం రాసిచ్చాడు. ధర లక్షకు తగ్గకూడదు, కొనేవాళ్ళను సంపాదించిపెడితే ఇంత ఇస్తానని అందులో ఉంది. బ్రోకరు గడువులోగానే 1,10,000 ఇచ్చేవాళ్ళను తెచ్చాడు. తర్వాత యజమాని ఆ బ్రోకరును పక్కనపెట్టి, అదే కొనుగోలుదారుల తరపు మనిషికి తక్కువ ధర చూపించి అమ్మాడు. కమిషను ఎగ్గొట్టాలని చూశాడు. కొనేవాళ్ళను సంపాదించడమే ఒప్పుకున్న పని, అది ఈయన చేశాడు, కాబట్టి కమిషను రావాల్సిందే అంది కోర్టు.

ఒకచోట 'అమ్మకం పూర్తయితే', ఇంకోచోట 'కొనేవాళ్ళను సంపాదిస్తే'. రెండు మాటల మధ్య అంత తేడా! మాటల అర్థాల మీద మనం క్లాసులో గంటలు గంటలు వాదించుకుంటాం కదా, ఇక్కడ ఒక్క క్రియాపదం మీద ఒక మనిషి కూలి ఆధారపడింది.

చిన్నాయన ఇల్లు చివరికి అమ్ముడైంది కాబట్టి ఆయన సంగతి లక్సర్ కంటే నయం. ఇక్కడ అడగాల్సింది, ఆ అమ్మకానికి అసలు కారణం ఎవరు? కొన్నవాళ్ళను ఆ గుమ్మం ఎక్కించింది చిన్నాయన. మధ్యలో నాలుగు నెలలు ఊరుకుని నేరుగా కుదుర్చుకున్నంత మాత్రాన ఆ సంగతి చెరిగిపోదు. కానీ నిరూపించాలి. నోటిమాట చెల్లుతుంది, సాక్ష్యం దొరకడమే కష్టం. చిన్నాయన దగ్గర ఫోన్లో పంపిన రెండు ఫోటోలు తప్ప ఏమీ లేవు. కమిషను ఒక శాతం అన్నది ఎక్కడా రాసి లేదు. ఎంత శాతమన్నది చట్టం నిర్ణయించలేదు. ఊరి వాడుక, మనం అనుకున్న మాట, అంతే.

యజమానికీ హక్కులున్నాయి. ఏజెంటు పని ముగించకముందు వద్దని చెప్పవచ్చు. కానీ ఇంత గడువని ఒప్పుకుని కారణం లేకుండా మధ్యలో మానిపిస్తే పరిహారం ఇవ్వాలి. తగిన నోటీసు కూడా ఇవ్వాలి. "అమ్మడం లేదు" అని అబద్ధం చెప్పి వెనకదారిన అమ్ముకోవడం ఈ హక్కు కిందకు రాదు.

రెరా ఎక్కడ వర్తిస్తుంది?

చాలామంది "రెరాలో ఫిర్యాదు ఇవ్వు" అంటారు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఏజెంట్లను నమోదు చేసుకోమంది. నమోదు కాని ప్రాజెక్టులో ప్లాట్లూ ఫ్లాట్లూ అమ్మిపెట్టకూడదు. లెక్క పుస్తకాలు ఉంచాలి. తప్పుడు మాటలతో అమ్మకూడదు. బుక్ చేసుకునేటప్పుడే ప్రాజెక్టు వివరాలు, కాగితాలు కొనేవాళ్ళకు అందేలా చూడాలి. ఇవి 9, 10 సెక్షన్లు. తప్పితే రోజుకు 10,000 రూపాయల జరిమానా, అది ఆ ఆస్తి ధరలో 5 శాతం దాకా పెరగవచ్చు.

అయితే ఈ చట్టం కొత్త ప్రాజెక్టుల కోసం. అవ్వ అమ్మిన మూడు సెంట్ల పాత స్థలం, చిన్నాయన చూపించిన పాత ఇల్లు దీని కిందకు రావు. వాటికి ఆ 1872 చట్టమే దిక్కు. మీరు బెంగుళూరు శివార్లలో కొత్త లేఅవుటులో కొంటుంటే మాత్రం ముందు కర్ణాటక రెరాలో, హోసూరు వైపైతే తమిళనాడు రెరాలో, ప్రాజెక్టు నంబరు, ఏజెంటు నంబరు రెండూ చూసుకోండి.

చివరికి ఏమైంది?

అవ్వ కోర్టుకు పోలేదు. "ఈ వయసులో నాకు మెట్లెక్కే ఓపిక లేదు" అంది. మా అత్త కూతురు పై సెక్షన్లన్నీ ఒక కాగితం మీద రాసిస్తే, చిన్నాయన అది పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయన రెండు విడతలుగా 44,000 తిరిగిచ్చాడు. లక్ష ఇవ్వలేదు. రెండు లక్షల మాట ఎత్తనే ఎత్తలేదు. చిన్నాయనకు రావలసిన 60,000 ఇప్పటికీ రాలేదు. చట్టంలో హక్కు ఉండడం వేరు, చేతికి రావడం వేరు. ఈ రెండింటి మధ్య ఉండాల్సింది కాగితం. అది మా ఇంట్లో రెండుసార్లూ లేదు.

పోయిన నెల కృష్ణగిరిలో ఉండే అవ్వ చెల్లెలు, మేము చిన్నవ్వ అంటాం, తన ఇల్లు అమ్మాలనుకుంది. చిన్నాయనకే అప్పజెప్పింది. అవ్వ నన్ను పిలిచి కాగితం రాయమంది. "నీ కొడుకే కదవ్వా" అన్నాను. "కొడుకైతే ఏమి, కాగితం కాగితమే. వానికీ మంచిది, దానికీ మంచిది" అంది. తెలుగులోనే రాశాను, ఇద్దరికీ చదవడానికి వచ్చేది అదే కాబట్టి. అందులో రాసిన మాటలు ఇవి, మీకు పనికొస్తే వాడుకోండి:

1. ఈ పనిలో బ్రోకరు అమ్మేవాళ్ళ తరపు. కొనేవాళ్ళ దగ్గర కూడా ఏమైనా తీసుకుంటే ఎంతో ముందే చెప్పి, అమ్మేవాళ్ళు ఒప్పుకుంటేనే తీసుకోవాలి.

2. ఎవరు ఎంత అడిగినా, ఎక్కువైనా తక్కువైనా, ఆ రోజే అమ్మేవాళ్ళకు చెప్పాలి. ఒప్పందం ఖాయమయ్యేదాకా ఇది ఆగకూడదు.

3. బ్రోకరు గానీ ఆయన బంధువులు గానీ కొంటుంటే ఆ సంగతి దాచకూడదు.

4. కమిషను ఒక శాతం. రిజిస్ట్రేషను రోజు, నిజంగా చేతికొచ్చిన ధర మీద.

5. గడువు ఆరు నెలలు. బ్రోకరు ఇల్లు చూపించిన వాళ్ళ పేర్లు, తేదీలు వెనకవైపు రాసుకుంటూ పోవాలి. గడువు దాటాక ఇంకో ఆరు నెలల్లో ఆ పేర్లలో ఎవరు కొన్నా కమిషను ఇవ్వాలి.

6. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితమూ చిన్నవ్వకు తెలుగులో చదివి వినిపించాలి.

మొదటి మూడూ చిన్నవ్వ కోసం, తర్వాతి రెండూ చిన్నాయన కోసం. ఆరోది అవ్వ పట్టుబట్టి రాయించింది.

చిన్నాయన చదివి, ఒక్క నిమిషం ఊరుకుని, "ఇది ఆ ఇంటాయన దగ్గర రాయించుకుని ఉంటే బాగుండేది" అన్నాడు. తర్వాత సంతకం పెట్టాడు. చిన్నవ్వ కూడా తెలుగులో తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. సాక్షి సంతకం అవ్వది.

'దళారి' అన్న మాటను మనం తిట్టుగా వాడతాం. నేనూ వాడాను. ఇప్పుడు వాడాలంటే నోరు రావడం లేదు, ఎందుకంటే మా చిన్నాయన కూడా దళారే. ఇక మీదట రూము చూపించడానికి వచ్చిన బ్రోకరును, ఆయన ఇంకేదీ చెప్పకముందే, మా అవ్వ అడిగిన ప్రశ్నే అడగండి. ఆయన దానికి సూటిగా జవాబిచ్చి పని చేసిపెడితే, కమిషను బేరమాడకుండా ఇచ్చేయండి.